పన్నెండు సూదులు

తొమ్మిదో సూదిలో దారం ఎక్కించి అక్క ఆగింది.

"టీ" అంది.

"ఆ మూడూ కూడా కానివ్వరాదూ?"

"నీ బాబు సొమ్మా నా చూపు? ముందు టీ పెట్టు."

"నా బాబే నీ బాబూనూ" అని గొణుక్కుంటూ తమ్ముడు స్టవ్ వెలిగించాడు. తమ్ముడికి అరవైమూడేళ్ళు. అయినా డెబ్భైరెండేళ్ళ అక్క ముందు అరవైమూడేళ్ళవాడు కుర్రకుంకే, దానికెవరూ చేయగలిగిందేమీ లేదు.

రెండో అంతస్తులో ఒక గది, దాని వెనక వంటకి కాస్త చోటు. తూర్పు కిటికీ పక్కనున్న చేతుల కుర్చీ అక్కది. అందులో ఇంకెవరైనా కూర్చుంటే ఊరుకోదు. ఆమె ఒళ్ళో ఇటుకరంగు ఉన్నిగుడ్డ పట్టీ, దానికి వరసగా గుచ్చిన సూదులు. అవి మామూలు సూదులు కావు. ఒక్కోటీ చూపుడువేలంత పొడుగు, మొన దగ్గర మూడు పలకలు, మందపాటి కాన్వాసులో దిగడానికి చేసినవి. అక్క బారెడు దారం కత్తిరిస్తుంది. దాన్ని మైనం ముద్ద మీద రెండుసార్లు లాగుతుంది. కొసను పెదాల మధ్య తడిపి, వేళ్ళతో నొక్కి, ఒక కన్ను మూసి బెజ్జంలోకి దూర్చేస్తుంది. రెండోసారి ప్రయత్నించడమన్నది ఉండదు. చొక్కాల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు గుండీలు కుట్టిన చెయ్యి మరి.

తమ్ముడికి చూపు పూర్తిగా పోలేదు. పోయింది మధ్యలోది. ఎదుటి మనిషి వంక చూస్తే చెవులు కనిపిస్తాయి, భుజాలు కనిపిస్తాయి, ముక్కూ నోరూ ఉండాల్సిన చోట మాత్రం తడిచెయ్యి పెట్టి రుద్దినట్టు మసక. దేన్నైనా చూడాలంటే పక్కకి చూడాలి. అక్క దాన్ని దొంగచూపు అంటుంది. అద్దాలు మార్చినా లాభం లేదని డాక్టరు చెప్పి రెండేళ్ళయింది. కుట్టడానికి అంత ఇబ్బంది లేదు. నలభై ఏళ్ళుగా కుడుతున్న వేళ్ళకి కళ్ళతో పనేమిటి? కానీ బెజ్జంలో దారం ఎక్కించడం వేళ్ళ వల్ల కాదు. అందుకోసం అమ్మే రేకు పరికరాలు రెండు కొన్నాడు. ఈ లావు దారం పడేసరికి వాటి తీగ పుటుక్కున తెగింది.

ఆయన పనిచేసే పడవల యార్డులో ఈ సంగతి ఎవరికీ తెలియదు. తెలిస్తే అంతే సంగతులు. మహా అయితే గేటు దగ్గర స్టూలు వేసి, వచ్చేపోయే వాళ్ళ పేర్లు రాయమంటారు. పేర్లు రాయడానికి కూడా కళ్ళు కావాలి కాబట్టి అదీ ఉండదు. అందుకని రోజూ పొద్దున్నే అక్క పన్నెండు సూదులు సిద్ధం చేస్తుంది. ఆయన పన్నెండు సూదుల పని చేసి ఇంటికొస్తాడు. "కుట్టు మావయ్య పని తగ్గించేశాడే" అని యార్డులో అనుకుంటారు. అనుకోనీ.

తమ్ముడి భార్య పోయినప్పుడు, "ఒక్క నెల ఉండి వెళ్తాను" అని వచ్చింది అక్క. పదకొండేళ్ళయింది. తెచ్చుకున్న పెట్టె ఇప్పటికీ మంచం కిందే ఉంది. అలిగినప్పుడల్లా దాన్ని బయటికి లాగుతుంది, కోపం తగ్గాక మళ్ళీ లోపలికి తోస్తుంది.

"ఇవాళ టీచరమ్మ పడవ వెళ్ళిపోతుంది" అన్నాడు గ్లాసు ఆమె చేతికిచ్చి. "సాయంత్రం ఐదింటికి పోటు, నీళ్ళు నిండగానే."

"ఒక్కత్తేనా?"

"ఒక్కతే."

"ధైర్యమే" అంది అక్క. ఆ మాటలో మెప్పుదల ఎంత ఉందో అసూయ అంతే ఉంది. "నేనింతవరకూ పడవెక్కలేదు తెలుసా? నలభై ఏళ్ళుగా నువ్వు పడవలకి కుడుతున్నావు, ఒక్కసారైనా రమ్మన్నావా?"

"అందులో చూడ్డానికేముందే? పని."

అక్క పదో సూది అందుకుంది.

*

టీచరమ్మ ముప్ఫై ఏళ్ళు బళ్ళో భూగోళం చెప్పింది. గోడమీద పటం తగిలించి, నీలంరంగు మీద బెత్తం ఆడిస్తూ ఇది ఫలానా సముద్రం, అది ఫలానా సముద్రం అని పిల్లల చేత వల్లె వేయించింది. ఒక్కటీ చూడలేదు. రిటైరయ్యాక ఒక పాత తెరచాప పడవ కొనుక్కుంది. ఆమెకి చక్కెర జబ్బు. రోజూ పొడుచుకునే మందు చల్లగా ఉండాలి. దానికి చిన్న ఫ్రిజ్ పెట్టె, ఆ పెట్టెకి కరెంటు కావాలి. రోజుల తరబడి సముద్రం మీద కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది? అందుకే ఈ సోలార్ పలకలు.

పడవ వెనకభాగంలో కూర్చునే చోటు ఉంది. దాని పైన స్టీలు గొట్టాల చట్రం, చట్రం మీద బూడిదరంగు కాన్వాసు కప్పు. పలకలు దాని మీదికి రావాలి. ఇళ్ళ మీద పెట్టే గాజు పలకలు కావివి. అట్టలాగా వంగుతాయి, ఒక మనిషి చంకలో పెట్టుకుని నడిచిపోవచ్చు. ఒక్కో పలకకి రెండు పక్కలా జిప్పు ఉంటుంది. జిప్పులో ఒక సగం పలక అంచుకి, రెండో సగం కాన్వాసుకి. గాలివాన వచ్చే సూచన కనిపిస్తే సర్రున జిప్పు లాగి, పలక విప్పి, లోపల దాచుకోవాలి.

ఎడమ పలక నిన్ననే అయిపోయింది. ఇవాళ కుడిది.

చాలామంది కాన్వాసు విప్పి బల్ల మీద పరిచి కుడతారు. సుఖంగా ఉంటుంది. ఈయన అలా చేయడు. బల్ల మీద గుడ్డ నిద్రపోతుంది, చట్రం ఎక్కాక ఒళ్ళు విరుచుకుంటుంది, అప్పుడు పలక ముడతలు పడుతుంది, ముడత పడ్డచోట లోపల కరెంటు పుట్టించే గళ్ళు చిట్లుతాయి. అందుకని గుడ్డ బిగిసి ఉండగానే, నిచ్చెన మీద నిలబడి, ఒక చెయ్యి కింద, ఒక చెయ్యి పైన పెట్టి కుడతాడు. అరచేతికి తోలు పట్టీ ఉంటుంది. దాంతో సూది వెనక నొక్కితే గుడ్డ కిర్రుమని దారి ఇస్తుంది. ఎడమ బొటనవేలి గోరు కుట్టు కంటే ముందు నడుస్తుంది. ఎక్కడ గుచ్చాలో ఆ గోరు చెబుతుంది.

పదకొండున్నరకి రెండు పక్కలా జిప్పు కుట్టడం అయింది. ఆరు సూదులు ఖాళీ. చిన్న చిన్న కుట్లు, అన్నీ ఒకే కొలత. వేళ్ళతో తడుముకుని తనలో తనే మురిసిపోయాడు. పలక తెచ్చి జిప్పు కలపబోయాడు.

కలవలేదు.

మళ్ళీ ప్రయత్నించాడు. పలక జిప్పుకి మొదలు ముందువైపు ఉంది. కాన్వాసు జిప్పుకి మొదలు వెనకవైపు ఉంది. నిన్న సాయంత్రం కాన్వాసు మీద తెల్ల సుద్దతో బాణం గుర్తు గీసుకున్నాడు, జిప్పు మొదలు ఇటు అని. బూడిదరంగు మీద తెల్ల సుద్ద. పొద్దున దాన్ని పక్కచూపుతో చూసి, బాణం తోకని తల అనుకున్నాడు. అంత తెలివైన పని చేశాడు.

పలకని అటుదిటు తిప్పి చూశాడు. జిప్పు రెండు పక్కలా చక్కగా పడింది. చూసేవాళ్ళకి తేడా ఏమీ తెలియదు. కరెంటు వస్తుంది. ఫ్రిజ్ తిరుగుతుంది. సాయంత్రం పడవ వెళ్ళిపోతుంది, ఇంక అడిగేదెవరు?

కానీ జిప్పు లాగే పిడి ముందువైపు, పడవ లోపలి గది కప్పు మీదికి వచ్చింది. వెనక నిలబడ్డ మనిషికి అందదు. విప్పాలంటే కప్పు మీదికి పాకాలి. గాలివానలో, ఊగే పడవ మీద, తడిసిన కప్పు మీద, అరవై ఏళ్ళ ఆడమనిషి, ఒక్కత్తే.

ఆయన నిచ్చెన మీదే చాలాసేపు నిలబడిపోయాడు. లోపల టీచరమ్మ ఏదో కూనిరాగం తీస్తూ డబ్బాలు సర్దుకుంటోంది. ఆ రాగం వింటూ ఉంటే తన మీద తనకే ఒళ్ళు మండింది. కుట్లు విప్పే కత్తి తీశాడు.

ఆరు సూదుల పని విప్పడానికి ముప్పావుగంట పట్టింది. చేతిలో మిగిలినవి ఆరు. అవి మళ్ళీ ఈ జిప్పులకే సరిపోతాయి. ఆ తరవాత మూలలకి మూడు, వైరు దిగే చోట వాన కారకుండా పట్టీకి రెండు, జేబుకి ఒకటి కావాలి. పడవలు కట్టేసే జెట్టీ చివరికి వెళ్ళి ఫోను తీశాడు. రెండో అంకె నొక్కి పట్టుకుంటే అక్కకి పోతుంది.

"తప్పు కుట్టాను. ఇంకో ఆరు కావాలి. నేనొచ్చి తీసుకెళ్తా."

"నువ్వొచ్చి మళ్ళీ వెళ్ళేసరికి గంట. పోటు నీకోసం కూర్చుంటుందా? నేనే తెస్తా."

"ఈ ఎండలోనా? వద్దే—"

ఫోను పెట్టేసింది. ఆయన మాట పూర్తిగా విన్న పాపాన ఎప్పుడు పోయింది గనక.

*

ఇరవై నిమిషాల దారికి నలభై నిమిషాలు తీసుకుని వచ్చింది. నెత్తిన తడిగుడ్డ, చంకలో సంచి. జెట్టీ మెట్ల దగ్గర ఆగి, కమ్మీ పట్టుకుని, గుండెల మీద చెయ్యి వేసుకుని నిలబడింది. ఆమె ఊపిరి పడవ దాకా వినిపించింది.

"ఏమైందే?"

"ఎండ. ఇంకేమవుతుంది? చెయ్యివ్వు."

చెయ్యిచ్చింది టీచరమ్మ. అక్క ఒక కాలు పడవలో పెట్టింది. పడవ కాస్త వంగింది. "అమ్మో" అని రెండో కాలు పెట్టింది. కాన్వాసు నీడలో బెంచీ మీద కూర్చుని, అటూ ఇటూ చూసి, ముక్కున వేలేసుకుంది.

"ఇంత చల్లగా ఉంటుందా ఇక్కడ! ఒరేయ్, ఇన్నేళ్ళూ ఇక్కడ కూర్చుని, ఇంటికొచ్చి నడుం నొప్పంటావా?"

"కూర్చుంటానా? నిచ్చెన మీద ఉంటా."

సంచిలోంచి సూదులు, దారం, మైనం బయటికి వచ్చాయి. ఇంట్లోనే ఎక్కించి తేవచ్చు. "దారిలో చిక్కు పడతాయి" అని ఒక అబద్ధం ఆడింది. పడవెక్కి కాసేపు కూర్చోవాలని ఉందని నోరు తెరిచి చెప్పదు కదా.

కొస తడిపింది, నొక్కింది, కన్ను మూసింది, దూర్చింది. అదే సమయానికి పక్కనుంచి ఒక మోటారు పడవ వెళ్ళింది. అల తగిలి పడవ ఊగింది. దారం బెజ్జం పక్కనుంచి పోయింది.

అక్క తెల్లబోయింది. ఆ మీదట పగలబడి నవ్వింది. ఇంకోసారి ప్రయత్నించి, ఇంకోసారి తప్పింది. ఆపైన ఊపు చూసుకుని, పడవ ఇటు వంగి అటు వంగే లోపల ఒక్క క్షణం నిలకడగా ఉంటుందని పట్టేసి, ఆ క్షణంలో దూర్చింది.

"అందుకా నువ్వు జేబు కుట్టేది?" అంది నెమ్మదిగా.

ఏ పడవ కప్పు కుట్టినా లోపలివైపు ఒక మూల అగ్గిపెట్టెంత జేబు కుడతాడాయన. అందులో మైనం గుడ్డలో చుట్టి ఒక సూది పెడతాడు, దారం ఎక్కించిన సూది. నడిసముద్రంలో గుడ్డ చిరిగితే, చేతులు వణుకుతూ ఉంటే, ఎవరు ఎక్కిస్తారు? ఆ పని ఎవరూ చెప్పలేదు, ఎవరూ డబ్బివ్వలేదు. పడవకో సూది తిరిగి రాకుండా ఎక్కడికి పోతోందో అక్కకి తెలుసు గానీ, ఎందుకో ఇప్పుడు తెలిసింది.

"ఆయన పనికి మీరు ఎక్కిస్తున్నారేమిటి పెద్దమ్మా?" అంది టీచరమ్మ.

ఆయన చేతిలో సూది ఆగిపోయింది.

"వీడికి చిన్నప్పట్నుంచీ ఒళ్ళు బద్ధకం" అంది అక్క, తడుముకోకుండా. "అన్నం కలిపి పెడితే తప్ప తినేవాడు కాదు. ఇప్పుడిదీ."

టీచరమ్మ నవ్వింది. నవ్వుతూనే ఆయన వంక చూసింది. ఆయన తన వంక కాకుండా పక్కనున్న తాడు వంక చూస్తూ మాట్లాడుతున్నాడని ఈ నాలుగు రోజులూ గమనించే ఉంటుంది, బళ్ళో పిల్లల్ని చూసిన మనిషి. లోపలికి వెళ్ళి లావుపాటి నల్ల పెన్ను తెచ్చింది. సుద్ద బాణం మీదుగా నల్లగా, అరచెయ్యంత బాణం గీసి, మళ్ళీ వెళ్ళి తన డబ్బాలు సర్దుకుంది.

మూడున్నరకి కుట్లు అయ్యాయి. ఈసారి జిప్పు ముందునుంచి వెనక్కి సర్రున వచ్చింది. వైరు లోపలికి దింపి కలిపారు.

"ఆ కొయ్య నీడ పలక మీద పడుతోందిరా" అంది అక్క కిందనుంచి. నిజమే. తెరచాప కింద ఉండే అడ్డకొయ్య నీడ నిలువునా కుడి పలక మీద పడుతోంది. ఒక గడి మీద నీడ పడ్డా పలక మొత్తం నీరసపడుతుంది. టీచరమ్మ కొయ్యని తాడుతో పక్కకి లాగి కట్టింది. లోపల ఫ్రిజ్ పెట్టె గుర్రుమని మొదలెట్టింది. దీపం వెలిగిందో లేదో ఆయనకి కనపడదు గానీ ఆ చప్పుడు వినిపించింది. అక్క వెళ్ళి పెట్టె మీద చెయ్యి పెట్టి చూసింది, జ్వరం చూసినట్టు.

"ఇంకా చల్లబడలేదు."

"ఇప్పుడేగా మొదలైంది!"

జేబులో పెట్టాల్సిన సూది ఒక్కటే మిగిలింది. అక్క దానికి మామూలు కంటే మూరెడు ఎక్కువ దారం పెట్టి ఎక్కించింది. "ఇది నేను పడవ మీద ఎక్కించింది" అని టీచరమ్మతో గర్వంగా చెప్పింది. "ఊరికే తీయకు. అవసరమైతేనే."

"అలాగే పెద్దమ్మా."

దిగేముందు అక్క తమ్ముణ్ణి పక్కకి పిలిచింది. "రేపట్నుంచి నేనూ వస్తా. ఇలా నీడలో కూర్చుని ఎక్కిస్తా. ఎవరన్నా అడిగితే ఇంట్లో తోచట్లేదని చెప్తా. పన్నెండంటూ లెక్కేమిటి, ఎన్ని కావాలంటే అన్ని."

"రోజూ ఈ మెట్లు ఎక్కుతావా?"

"నెమ్మదిగా ఎక్కుతా. ఇవాళే వెళ్ళి రేపటి పన్నెండూ ఎక్కించి పెట్టేస్తా. పొద్దున ఆ పని లేకపోతే ఇద్దరం పెందలాడే బయల్దేరచ్చు." ఖాళీ అయిన సూదులు సంచిలో వేసుకుని వెళ్ళింది. జెట్టీ చివర ఒకసారి ఆగి పడవ వంక తిరిగి చూసింది. ఆయనకి కనిపించింది ఆమె నెత్తిమీది గుడ్డ మాత్రమే.

*

ఐదింటికి నీళ్ళు నిండాయి. టీచరమ్మ తాడు విప్పింది. "జిప్పు బాగా అందుతోంది మావయ్యగారూ" అంది. ఆయనకి అంతకంటే ఏం కావాలి? పడవ మెల్లగా జెట్టీకి దూరమైంది. సూటిగా చూస్తే మాయమవుతోంది. పక్కకి చూస్తే ఉంది. అలా పక్కకి చూస్తూనే చాలాసేపు సాగనంపాడు.

పనిముట్లు సర్దుకుని వస్తుంటే యార్డు ఓనరు ఆఫీసు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"మావయ్యా, మధ్యాహ్నం ఎవరో పెద్దావిడ వచ్చిందట?"

ఇంట్లో తోచక వచ్చిందని చెప్పాలి. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. కానీ ఆ నల్ల బాణం గుర్తొచ్చింది, ఆ తిరగబడ్డ జిప్పు గుర్తొచ్చింది. ఇలా దాచుకుంటూ పోతే ఎవరో ఒకరు ఎప్పుడో గది కప్పు మీదికి పాకాల్సి వస్తుంది.

"మా అక్క. నాకు సూది బెజ్జం కనపడదు బాబూ. రెండేళ్ళయింది. అది ఎక్కిస్తుంది, నేను కుడతా. రేపట్నుంచి నా పక్కనే కూర్చుంటుంది. నీకిష్టమైతే."

ఓనరు గుమ్మం దిగి దగ్గరికి వచ్చాడు.

"నిరుడు నా పడవకి కుట్టింది?"

"అదీ అలాగే."

"మూడు తుఫాన్లు తట్టుకుంది అది" అన్నాడు ఓనరు. "రానీ అయితే. కుర్చీ ఒకటి వేయిస్తా."

"బెంచీ చాలు. కానీ దాని నోరు ఊరుకోదు, ముందే చెబుతున్నా."

ఓనరు నవ్వాడు. రెండేళ్ళ బరువు దిగిపోయి ఆయనకి ఒళ్ళు తేలికైంది. దారి పొడుగునా అక్కకి ఈ మాట ఎలా చెప్పాలా అని రకరకాలుగా కూర్చుకున్నాడు. ముందు కాసేపు ఏడిపించాలి, ఓనరు ఒప్పుకోలేదని. పెట్టె బయటికి లాగేదాకా ఏడిపించి, అప్పుడు చెప్పాలి.

మెట్లెక్కి తలుపు తోశాడు. గదిలో ఇంకా వెలుతురుంది. అక్క కుర్చీలో కూర్చుని ఉంది, తల కాస్త పక్కకి వాలి.

"ఒప్పుకోలేదే" అన్నాడు గుమ్మంలోంచే.

తిట్టలేదు. టీ అడగలేదు. దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి అలాగే ఉంచేశాడు. ఈ వేళ్ళకి ఏదైనా తెలుస్తుంది. ఇదీ తెలిసింది.

"ఒప్పుకున్నాడే" అన్నాడు చాలాసేపటికి. "ఒప్పుకున్నాడు. కుర్చీ కూడా వేయిస్తానన్నాడు." ఎండలో పిలిపించాను, నేనే పిలిపించాను అనుకున్నాడు. మెట్ల దగ్గర ఆ ఊపిరి విని కూడా ఇంటికి ఒక్కదాన్నే పంపాను అనుకున్నాడు. కింద వాటా వాళ్ళని పిలవాలి, డాక్టరుని పిలవాలి. దానికంటే ముందు కాసేపు నేల మీద, ఆమె కాళ్ళ దగ్గర కూర్చుండిపోయి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఒళ్ళో ఉన్నిగుడ్డ జారిపోతుంటే పట్టుకున్నాడు. అలవాటుకొద్దీ వేళ్ళు వరసగా తడిమాయి. మైనం పట్టిన దారాలు ఒకటి, రెండు, మూడు... పదకొండు. అక్క పెదాల మధ్య బారెడు దారం కొస తడిగా ఉంది. కుర్చీ చేతి మీద ఆనిన కుడిచేతి రెండు వేళ్ళ మధ్య, కిటికీ వెలుతురు వైపు తిరిగిన పన్నెండో సూది బెజ్జం ఖాళీగా ఉంది.